ఠాణా ఎవరి మాట వింటుంది? – అమ్రాబాద్ పీఠభూమిలో కావలి, కేసు, నమ్మకం

మన్ననూర్ దాటి శ్రీశైలం దారి పట్టినవాళ్లకు మొదట కనిపించేది అటవీశాఖ చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది, పొద్దున ఆరుకు లేస్తుంది. బయటినుంచి వచ్చేవాళ్లకు అది దారిలో ఒక ఆటంకం. పెంటల్లో ఉండే మాకు అది రోజూ ఎదురయ్యే ప్రభుత్వం. ఈ పీఠభూమి మీద మమ్మల్ని ఆపి అడిగే అధికారం ఇద్దరికి ఉంది. ఒకరు ఖాకీ వేసుకున్న పోలీసు, ఇంకొకరు ఖాకీ వేసుకున్న ఫారెస్టు. మా ముసలివాళ్లు చాలామంది ఇద్దరినీ కలిపి 'సర్కారోళ్లు' అనే అంటారు. పిల్లలకు పౌరశాస్త్రం చెప్పే మేము ఆ ఇద్దరికీ ఉన్న తేడా బోర్డు మీద రాసి చూపిస్తాం. పిల్లలు రాసుకుంటారు కానీ నమ్మరు.

పోలీసుల మీద ప్రజలకు నమ్మకం ఉందా లేదా అని ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఏది పెద్ద నేరం, ఏది చిన్న నేరం, దేనికి జీపు వెంటనే కదలాలి, దేనికి 'రేపు రా' అనాలి అన్నది ఎవరు తేలుస్తున్నారు? తేల్చేవాళ్లలో మనవాళ్లు ఎప్పుడైనా ఉన్నారా? ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను పట్టుకుని మా పీఠభూమి చరిత్రను, దాని చుట్టూ ఉన్న ఆదివాసీ చరిత్రను వెనక్కి తిరిగి చూస్తున్నాం.

పెంటలో న్యాయం

ఠాణాలు రాకముందు చెంచుల తగవులు పెంటలోనే తేలేవి. పెంటకు ఒక పెద్దమనిషి ఉండేవాడు. అతని చేతిలో కర్ర లేదు, ఖైదు లేదు. ఆడపిల్ల తగవు, తేనెపట్టు తగవు, వేట వాటా తగవు వచ్చినప్పుడు నలుగురూ కూర్చునేవాళ్లు, మాట తేలేదాకా లేచేవాళ్లు కాదు. తప్పు చేసినవాడు తప్పు కట్టేవాడు. మాట కుదరకపోతే రెండు కుటుంబాల్లో ఒకటి మూట కట్టుకుని తమ బంధువులున్న ఇంకో పెంటకు వెళ్లిపోయేది. కోపం చల్లారినాక తిరిగి వచ్చేది. అడవి విశాలంగా ఉన్నన్నాళ్లు ఎడంగా పోవడం కూడా ఒక న్యాయమే.

ఆ పద్ధతిని బంగారు కాలంగా చెప్పడం మా ఉద్దేశం కాదు. కూర్చున్న నలుగురిలో ఆడవాళ్ల మాటకు ఎప్పుడూ సమానమైన బరువు దక్కలేదు. సారా తాగి చేసిన గాయాన్ని 'తాగి ఉన్నాడు' అని తేలిక చేయడమూ ఉండేది. అయినా ఒక సంగతి మాత్రం నిజం. తీర్పు చెప్పినవాడు మరునాడు అదే పెంటలో, అందరి కళ్లముందు బతకాలి. చెప్పింది తప్పయితే మొహం మీదే అడిగేవాళ్లు ఉండేవాళ్లు. జవాబుదారీ అన్న మాటకు మాకు తెలిసిన మొదటి అర్థం అదే.

కావలి మన చేతిలో ఉన్న కాలం

నల్లమలను కృష్ణానది రెండుగా చీల్చింది. పాత పాలనలో నదికి దక్షిణాన కర్నూలు వైపు మద్రాసు రాజ్యం, ఉత్తరాన అమ్రాబాద్ వైపు నిజాం రాజ్యం. శ్రీశైలం యాత్రికులు రెండు వైపుల నుంచీ కొండదారుల్లో నడిచి వెళ్లేవాళ్లు. ఆ దారులు తెలిసినవాళ్లు చెంచులే. అందుకే కొండదారులకు, యాత్రికులకు కావలి ఉండే పని చెంచులకు అప్పగించి, బదులుగా ఏదో ఒక ప్రతిఫలం ఇచ్చే పద్ధతి కర్నూలు వైపు నడిచింది. దక్షిణ దేశమంతటా ఊరి కావలి ఇలాగే స్థానికుల చేతిలో ఉండేది. కావలిగాడి ప్రాంతంలో దొంగతనం జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది అతనే.

ఇంగ్లీషువాళ్లు ఆ కావలి పద్ధతిని మెల్లగా తీసేశారు. మద్రాసు రాజ్యంలో 1859 పోలీసు చట్టంతో జీతం మీద బతికే, పైఅధికారికి మాత్రమే జవాబు చెప్పే కొత్త పోలీసు దళం వచ్చింది. కావలివాడు ఊరికి జవాబు చెప్పేవాడు. కానిస్టేబుల్ తన ఇన్‌స్పెక్టర్‌కు జవాబు చెప్తాడు. ఆ ఒక్క మార్పు అడవి ప్రాంతాల్లో ఎంత నిప్పు రాజేసిందో తూర్పు కొండల చరిత్ర చెబుతుంది. 1879 మార్చిలో రంప కొండలు తిరగబడ్డాయి. దానికి కారణాల్లో కల్లు పన్నుతో పాటు కొండల మీద పోలీసుల వసూళ్లు, వేధింపులు కూడా ఉన్నాయని అప్పటి అధికారులే ఒప్పుకున్నారు. మళ్లీ 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు మొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు ఠాణా మీద. ఆ తర్వాత వరసగా కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు. కొండ మనుషుల కోపం ఖజానా మీదికో కచేరీ మీదికో కాకుండా ఠాణా మీదికి ఎందుకు పోయిందో ఆలోచించాలి. వాళ్ల బతుకులో సర్కారు అంటే ఠాణాయే.

నిజాం వైపు: పోలీస్ పటేల్ నుంచి రిజర్వు దాకా

మా వైపు నిజాం పాలనలో ఊరికి ముగ్గురు. పోలీస్ పటేల్, మాలీ పటేల్, పట్వారీ. ఊళ్లో నేరం జరిగితే పైకి కబురు చేయాల్సింది పోలీస్ పటేల్. ఆ పదవి భూమి, బలం ఉన్న ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఊరి పెద్ద చేసిన దౌర్జన్యం మీద ఫిర్యాదు చేయాలంటే ఆ పెద్ద ఇంటికో, అతని బంధువు ఇంటికో పోవాలి. తెలంగాణలో ఈ పద్ధతి చాలాకాలం నడిచింది. గ్రామాధికారుల వారసత్వ పదవులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984 జనవరిలో రద్దు చేసింది. అంటే మా తరం పుట్టే నాటికీ అవి బతికే ఉన్నాయి.

1940లో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల్లో ఉండి పరిశోధన చేశాడు. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది. అదే 1940లో ఆదిలాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఈ రెండింటికీ సంబంధం లేదనుకోవద్దు. భీం తిరుగుబాటు తర్వాత, అడవి మనుషులతో ఇట్లా వ్యవహరిస్తే ఏమవుతుందో నిజాం సర్కారుకు అర్థమైంది. ఆదిలాబాద్‌లో గోండుల పరిస్థితి చూడమని పంపింది కూడా ఆ హైమెన్‌డార్ఫ్‌నే. అమ్రాబాద్ పీఠభూమి మీద సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం రిజర్వుగా కేటాయించారు. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 1359 ఫసలీలో దాన్ని మళ్లీ తెచ్చి, దాని కింద నియమాలు చేశారు. గిరిజన పంచాయతీలు చిన్న తగవులు, చిన్న నేరాలు తామే విచారించుకునే వీలు ఆ నియమాల్లో ఉంది.

దీన్ని మేము చాలా ముఖ్యమైన మలుపుగా చూస్తున్నాం. పెంటలో పెద్దలు కూర్చోవడాన్ని చట్టం మొదటిసారి న్యాయంగా గుర్తించింది. కానీ ఆ గుర్తింపు పైనుంచి వచ్చింది. పంచాయతీ ఉండాలా వద్దా, ఎవరు కూర్చోవాలి అన్నది అధికారి చేతిలోనే ఉంది. మంచి అధికారి ఉన్నప్పుడు పంచాయతీ నడిచింది. ఆయన బదిలీ అయితే కాగితం మీద మిగిలింది.

1950 తర్వాత

1950 డిసెంబర్ 7న రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా హైదరాబాద్ రాష్ట్రంలో షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట తాలూకాలో ఆ జాబితాలో ఉన్న ఊళ్ల పేర్లు మా పిల్లలతో చదివిస్తుంటాం. మన్ననూర్, అమ్రాబాద్, పదర, మాచారం, అప్పాపూర్, రాంపూర్, సార్లపల్లి, ఈర్లపెంట, తాటిగుండాల... తమ పెంట పేరు రాష్ట్రపతి ఉత్తర్వులో ఉందని తెలిస్తే పిల్లల మొహం వెలుగుతుంది. 'అయితే ఏమైతది సార్?' అని ఆ వెంటనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

ఏమవ్వాలో ఐదో షెడ్యూలులో ఉంది. ఏ చట్టం ఇక్కడ అమలు కావాలో, ఏది మార్పులతో అమలు కావాలో గవర్నర్ నిర్ణయించవచ్చు. ఆ అధికారంతోనే 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు విస్తరించారు. భూమి విషయంలో అంత ఆలోచన చేసిన ప్రభుత్వాలు పోలీసు విషయంలో చేయలేదు. మైదానంలో ఏ పోలీసు పద్ధతో అడవిలోనూ అదే పద్ధతి. పెంట పెద్దలకు ఠాణాతో సంబంధం ఉండేది ఒక్కటే. 'ఫలానావాణ్ణి తీసుకురండి' అని కబురు వచ్చినప్పుడు తీసుకుపోవడం.

దాని ఫలితం 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో చూశాం. భూములు పోగొట్టుకున్న గోండులు సభ పెట్టుకోవాలనుకున్నారు. సభను నిషేధించారు. ఆ సంగతి తెలియక, తెలిసినా వెనక్కి పోలేక జనం వచ్చారు. కాల్పులు జరిగాయి. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. అంతకు చాలా ఎక్కువమంది చనిపోయారని ఆదివాసీలు నేటికీ చెప్తారు. ఇక్కడ మేము చూడమంటున్నది కాల్పులు ఒక్కటే కాదు, దానికి ముందు ఉన్న ఏళ్లను. ఆదివాసీ భూమి బదిలీ చేయడం చట్టప్రకారం నిషేధం. ఆ నిషేధం ఏళ్ల తరబడి బహిరంగంగా ఉల్లంఘన అవుతుంటే ఏ ఠాణా కదల్లేదు. భూమి పోయినవాడు గుంపుగా నిలబడ్డ రోజు మాత్రం ఠాణా మొత్తం కదిలింది. పోలీసు ప్రాధాన్యం అంటే ఏమిటో ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ మాకు దొరకలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు స్తూపం దగ్గర దండం పెట్టుకోవడానికి కూడా ఆంక్షలే.

నల్లమలలో రెండు భయాల నడుమ

1989లో గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. ఆ తర్వాతి పదిహేను, పదహారేళ్లు నల్లమల నక్సలైట్లకు, పోలీసులకు యుద్ధభూమి. 2004 అక్టోబర్‌లో చర్చల కోసం మావోయిస్టు నాయకులు నల్లమల నుంచే బయటికి వచ్చారు. చర్చలు నిలవలేదు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు చంపారు. రెండు రోజుల్లో ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టింది. నల్లమల పేరు పెట్టుకున్న అజ్ఞాత ముఠాల బెదిరింపులు కూడా ఆ రోజుల్లోనే వినిపించాయి.

అప్పుడు మేము చదువుకుంటున్న పిల్లలం, చదువు ముగించిన యువకులం. అడవిలోకి తేనెకు పోయినవాడు అన్నం పెట్టాడని ఒకరి అనుమానం, దారి చెప్పాడని ఇంకొకరి అనుమానం. రెండు పక్కలా ప్రాణభయమే. ఆ ఏళ్లలో ఠాణాకు పెంటల గురించి బాగా తెలుసు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు ఎన్ని కిలోల బియ్యం కొన్నారు అన్నది కూడా తెలుసు. తెలియనివి వేరే ఉన్నాయి. జిగురు తూకంలో ఎవరు మోసం చేస్తున్నారు, అప్పు పేరుతో ఏ కుటుంబాన్ని ఎవరు వెట్టికి తీసుకుపోయారు, ఏ ఆడపిల్ల పనికని పోయి తిరిగి రాలేదు అన్నవి తెలియవు. తెలుసుకోవాలన్న ఆదేశం పైనుంచి లేదు గనుక తెలియవు. తెలిపే దారి కిందనుంచి లేదు గనుక కూడా తెలియవు.

ఇప్పుడు నల్లమలలో తుపాకుల చప్పుడు లేదు. అయితే ఆ కాలం ఒక అలవాటును మిగిల్చింది. ఠాణా అంటే సమాచారం తీసుకునే చోటు తప్ప ఫిర్యాదు తీసుకునే చోటు కాదన్న అలవాటు. ఆ అలవాటు ఠాణాకూ ఉంది, మాకూ ఉంది.

ఇంత చెప్పినా పోలీసు అయిన ప్రతి మనిషీ చెడ్డవాడని మేము అనడం లేదు. రాత్రిపూట గర్భిణిని జీపులో ఆసుపత్రికి చేర్చిన కానిస్టేబుళ్లు మాకు తెలుసు. మా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు ఖాకీ వేసుకుంటే మేము గర్వపడ్డాం. మంచి మనిషి బదిలీ అయితే మంచితనం కూడా బదిలీ అవుతుందన్నదే మా బాధ. మనిషి మారినా నిలిచే పద్ధతి కావాలి.

ఆకుపచ్చ ఖాకీ

చెంచులకు పోలీసుకంటే ఎక్కువసార్లు ఎదురయ్యేది అటవీశాఖ. ఈ అడవి 1983లో పులుల రిజర్వు అయ్యింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల రిజర్వుగా వేరైంది. 1972 వన్యప్రాణి చట్టం, 1967 అటవీ చట్టం కింద అటవీ సిబ్బందికి పట్టుకునే, సోదా చేసే, కేసు పెట్టే అధికారాలున్నాయి. పులి బతకాలని మాకూ ఉంది. బేస్ క్యాంపుల్లో రాత్రింబవళ్లు కాపలా కాసేవాళ్లలో చెంచు యువకులే ఎక్కువ. పాత ఘాట్ కావలి మళ్లీ తిరిగొచ్చినట్టే ఉంటుంది. కానీ ఒక తేడా ఉంది. పాత కావలిలో బాధ్యతతో పాటు హక్కు కూడా ఉంది. ఇప్పుడు అడుగుజాడ చూసి పులి ఎటు పోయిందో చెప్పేవాడు మనవాడు, ఏం కాపాడాలో, ఎవర్ని ఆపాలో చెప్పేవాడు బయటివాడు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ తేడాను సరిదిద్దడానికే వచ్చింది. అందులో 5వ సెక్షన్ అడవిని, వన్యప్రాణులను, నీటివనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మాలాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కును 3వ సెక్షన్‌లో రాశారు. అంటే చట్టం దృష్టిలో అడవికి మొదటి కావలి గ్రామసభే. ఆచరణలో గ్రామసభకు ఆ సంగతి చెప్పిన అధికారి అరుదు.

2019లో యురేనియం సంగతి వచ్చినప్పుడు మా పీఠభూమి అంతా ఒక్కటైంది. అమ్రాబాద్, పదర మండలాల్లో ఆడవాళ్లు, రైతులు, చెంచులు, లంబాడాలు, విద్యార్థులు రోడ్డు మీద కూర్చున్నారు. మద్దతు చెప్పడానికి బయటినుంచి వస్తున్న కొందరు నాయకులను పోలీసులు దారిలోనే ఆపారు. రాళ్లు పడలేదు, బస్సు కాలలేదు. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజు దాకా రోడ్డు మీద కూర్చున్నవాళ్లు శాంతిభద్రతల సమస్య. ఆ రోజు తర్వాత వాళ్ల మాటే శాసనసభ మాట. మనుషులు మారలేదు, మాట మారలేదు. మారింది పైవాళ్ల చూపు. ఆ చూపు ముందే గ్రామసభ వైపు తిరిగి ఉంటే, పోలీసులను ఎవరి మీదికి పంపాలన్న ప్రశ్నే వచ్చేది కాదు.

వాకపల్లి నేర్పిన పాఠం

నమ్మకం పోవడానికి ఒక్క రోజు చాలు. తిరిగి రావడానికి పదహారేళ్లు కూడా చాలవని వాకపల్లి చెప్పింది. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్లో కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు విచారణకు రావడానికే సుప్రీంకోర్టు దాకా పోయి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారుల లోపాలను ఎత్తిచూపింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలంది. అంటే ఏం జరిగిందో తేల్చాల్సిన దర్యాప్తే సరిగా జరగలేదని న్యాయస్థానమే చెప్పింది. పోలీసుల మీద ఫిర్యాదును పోలీసులే విచారిస్తే నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే మొత్తం దేశానికి చెప్పింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రస్థాయిలోనూ జిల్లాస్థాయిలోనూ వేరే అథారిటీలు ఉండాలంది. పోలీసు పనికి దిశ చూపడానికి రాష్ట్ర భద్రతా కమిషన్ ఉండాలంది. ఇవన్నీ అవసరమే. కానీ ఒక్క మాట. రాష్ట్ర కమిషన్ హైదరాబాద్‌లో కూర్చుంటుంది, జిల్లా అథారిటీ నాగర్‌కర్నూల్‌లో కూర్చుంటుంది. ఈర్లపెంట నుంచి నాగర్‌కర్నూల్ పోవాలంటే రెండు రోజుల కూలి పోతుంది. పర్యవేక్షణ ఎంత దూరంలో ఉంటే అంత బలహీనం.

బయట లోకంలో ఏం చేశారు

ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 నుంచి పోలీసు ప్రాధాన్యాలు నిర్ణయించడానికి ప్రాంతానికొక కమిషనర్‌ను ఓట్లతో ఎన్నుకునే పద్ధతి పెట్టారు. మొదటి ఎన్నికలో వందలో పదిహేనుమంది మాత్రమే ఓటేశారు. ఒక జిల్లాకు ఒక్క మనిషిని ఎన్నుకుంటే అందులో చిన్న సమూహాల మాట వినపడదని దాన్నిబట్టి మేము అనుకుంటున్నాం. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి చెంచులు 64,227 మంది. ఓట్ల లెక్కతో పోతే మా వంతు ఎప్పటికీ రాదు.

ఉత్తర ఐర్లండ్ దారి వేరు. అక్కడ కాథలిక్కులకు పోలీసుల మీద ఏమాత్రం నమ్మకం లేదు. ముప్పై ఏళ్ల రక్తపాతం తర్వాత 1999లో పాటెన్ కమిషన్ నివేదిక ఇచ్చింది. పోలీసు దళం పేరు మార్చారు. అన్ని పక్షాలూ కూర్చునే పోలీసింగ్ బోర్డు పెట్టారు. కొత్త నియామకాల్లో పదేళ్లపాటు సగం కాథలిక్కులకు ఇచ్చారు. జిల్లాకొక భాగస్వామ్య కమిటీ పెట్టి, స్థానిక పోలీసు అధికారి వచ్చి ప్రజల ముందు లెక్క చెప్పేటట్టు చేశారు. అన్నీ సాఫీగా జరగలేదు. కానీ పాఠం స్పష్టం. ఉద్యోగాల్లో మనవాళ్లుండటం ఒక్కటే చాలదు, లెక్క అడిగే కుర్చీలో కూడా మనవాళ్లుండాలి. రెండూ కలిస్తేనే నమ్మకం మొదలవుతుంది.

మన చట్టాల్లోనే ఉన్నవి

కొత్త చట్టం రావాలని ఎదురుచూడాల్సిన పని లేదు. ఉన్నవాటిలోనే దారులున్నాయి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక నియమాలు (1995) 17వ నియమం ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. మూడు నెలలకు కనీసం ఒకసారి కూర్చోవాలి. ఎస్పీతో పాటు ఎస్సీ, ఎస్టీ అనధికార సభ్యులు కూడా అందులో ఉండాలి. ఏ కేసు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని అడిగే అధికారం ఉన్న కుర్చీ అది. 2016 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును అధికారి రాసుకున్నాక చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, కాపీ ఇవ్వాలి. కావాలని ఆ పని చేయని అధికారికి శిక్ష కూడా ఉంది. చదువు రాని మా పెద్దలకు ఇంతకంటే విలువైన వాక్యం చట్టంలో లేదు.

1976 వెట్టిచాకిరి రద్దు చట్టంలో జిల్లా, డివిజన్ స్థాయి విజిలెన్స్ కమిటీలున్నాయి. వాటిలో ఆ జిల్లాలో నివసించే ఎస్సీ, ఎస్టీలకు చోటుంది. ప్రతి నెలా చివర్లో ఊళ్లలో పౌర హక్కుల దినం జరపాలన్న పద్ధతి ఉంది. రెవెన్యూ, పోలీసు అధికారులు ఇద్దరూ ఊరికి రావాలి. 1996 పెసా చట్టం తగవులను తమ ఆచారం ప్రకారం పరిష్కరించుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని 4వ సెక్షన్‌లో చెప్పింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే అధికారం, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేసే అధికారం కూడా అక్కడే ఉన్నాయి. మధ్యప్రదేశ్ 2022లో చేసిన పెసా నియమాల్లో ఇంకో అడుగు వేసింది. గ్రామస్థుడి మీద ఎఫ్ఐఆర్ నమోదైతే ఠాణా ఆ సంగతి గ్రామసభ శాంతి, వివాద పరిష్కార కమిటీకి తెలపాలంది. అలాంటి నియమం మన దగ్గర కూడా పెట్టడానికి అడ్డేమీ లేదు.

మేము అడుగుతున్నది

ఊళ్లో చదువుకున్నవాళ్లుగా దరఖాస్తులు రాసే పని మా ఉపాధ్యాయుల మీదే పడుతుంది. ఏళ్ల తరబడి రాసిన దరఖాస్తుల్లో మాకు పదేపదే కనిపించినవి ఇవి: పెంటలోకి వచ్చే బెల్టు షాపు సారా, తాగిన మొగుడి దెబ్బలు, పనికి తీసుకుపోయి కూలి ఇవ్వని మేస్త్రి, తిరిగిరాని ఆడపిల్ల, అప్పు కింద పట్టుకుపోయిన మేకలు, శ్రీశైలం రోడ్డు మీద గుద్ది ఆగకుండా పోయిన బండి. ఇది మా నేరాల జాబితా. ఠాణా జాబితాలో ఇవి ఎక్కడున్నాయో మాకు తెలియాలి.

అందుకే కొన్ని మాటలు మా తరఫున ముందుకు పెడుతున్నాం. మూడు నెలలకోసారి గ్రామసభలో ఎస్సై, బీట్ ఆఫీసర్ ఇద్దరూ కూర్చోవాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని ఎఫ్ఐఆర్ అయ్యాయి, ఎన్ని రాజీ అయ్యాయి, రాజీ ఎవరి ఇష్టంతో అయ్యింది అని అందరికీ వినపడేటట్టు చదవాలి. బాధితుల పేర్లు చదవొద్దు, లెక్క చదవాలి. వచ్చే మూడు నెలల్లో దేనికి మొదటి చోటు ఇవ్వాలో గ్రామసభ చెప్పాలి. ఆ మాట తీర్మానంగా రాయాలి. సభలో సగం మంది ఆడవాళ్లు లేకపోతే ఆ తీర్మానం చెల్లదని మనమే నియమం పెట్టుకోవాలి. పాత పంచాయతీలో మన ఆడవాళ్లకు జరిగిన అన్యాయం కొత్త పంచాయతీలో జరగకూడదు. కొట్లాట, అత్యాచారం, పిల్లల మీద దౌర్జన్యం లాంటివాటిని పెద్దల రాజీ పేరుతో ఠాణాకు రాకుండా ఆపకూడదని కూడా అందులోనే రాసుకోవాలి. గ్రామసభ పని ఠాణాకు చూపు ఇవ్వడం, నేరస్థుడికి నీడ ఇవ్వడం కాదు.

ఒక్కో కేసులో ఎవర్ని పట్టుకోవాలో, ఎవర్ని వదలాలో గ్రామసభ చెప్పకూడదు. అది చట్టం పని, సాక్ష్యం పని. అక్కడ వేలు పెడితే రేపు ఊరిలో బలమున్నవాడే గ్రామసభ అవుతాడు, పోలీస్ పటేల్ కాలం మళ్లీ వస్తుంది. మనం అడుగుతున్నది ప్రాధాన్యం మీద మాట, చేసిన పని మీద లెక్క. ఈ రెండే.

ఈ వ్యాసం చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ పెంటలో, మీ గూడెంలో ఒక చిన్న పని మొదలుపెట్టండి. గత సంవత్సరం మీ ఊరినుంచి ఠాణాకు ఎన్ని ఫిర్యాదులు పోయాయి, వాటిలో ఎన్నింటికి కాగితం చేతికి వచ్చింది అని ఒక నోటుబుక్కులో రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం, అడిగి తీసుకోండి. పౌర హక్కుల దినానికి అధికారులు వచ్చిన రోజు ఆ నోటుబుక్కు తెరిచి చదవండి. జిల్లా కమిటీలో మన తరఫున ఎవరున్నారో కలెక్టర్ కార్యాలయంలో అడిగి, ఆ సభ్యుడికి కూడా ఒక నకలు ఇవ్వండి. వినేవాళ్లు ఆ రోజు తల ఊపి పోవచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ చదవండి, తేడా ఉంటే తేడా చదవండి, లేకపోతే లేదని చదవండి. ఘాట్ కావలి కాసిన తాతల మనుమలం, కావలివాణ్ణి లెక్క అడగడం మనకు కొత్త కాదు.